చాక్లెట్‌లో వాక్కాయ

సీతాఫల్‌మండి, సికింద్రాబాద్
12 నవంబరు 2001

చి.ల.సౌ. ఊర్మిళకు,
మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మగారు బుచ్చమ్మగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారని తెలిసి నువ్వు జనగామ బండి ఎక్కిన దగ్గర్నుంచి ఈ ఇల్లు నోరు మూసుకుని కూర్చుంది. రోజూ ఫోను చేస్తానన్నావు. వద్దు. ఫోనులో నాకు సగం వినపడదు, వినపడిన సగం నచ్చదు. పైగా నువ్వు ఎస్టీడీ బూత్‌లో నిలబడి కోడలి కష్టాలు చెప్పుకుంటే జనగామ అంతా వింటుంది. ఉత్తరాలే రాసుకుందాం. తొందరవి నీ మొగుడు రమణబాబు సెలవు రోజున నిన్ను చూడ్డానికి వచ్చేటప్పుడు తెస్తాడు.

నీ మొగుడు క్షేమం. అమెరికాలో ఎవడికో మోకాలు నొప్పెడితే, ఆ డాక్టరు గొణిగింది విని టైపు కొట్టడానికి నా కొడుకు రాత్రంతా మేలుకుంటాడు. పగలంతా నిద్రపోతాడు. ఇంట్లో మనిషి ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. దీన్ని ప్రగతి అంటున్నారు.

నీ సంగతీ అంతే కదా. సెప్టెంబరులో ఎక్కడో మేడలు కూలితే అక్టోబరులో బేగంపేట కంప్యూటర్ ఆఫీసులో నీ కుర్చీ పోయింది. అందరూ అమీర్‌పేటకు పరిగెత్తి మరో కోర్సులో చేరితే నువ్వు వంటింట్లోకి వెళ్ళి, వానాకాలంలో గింజలు తీసి ఉప్పునీళ్ళలో ఊరేసిన వాక్కాయల జాడీ దించావు. మెట్టుగూడ మేబెల్ గారు క్రిస్మస్‌కు చేసే చాక్లెట్ చెర్రీలే ఇక నీ ఉద్యోగం అన్నావు. బేకరీ కేకు మీద ఎర్రగా కూర్చునేది చెర్రీ కాదు, పాకంలో ఉడికి రంగు పూసుకున్న మన వాక్కాయే అని నేను చెబితే, ‘తెలుసు మామయ్యా, అందుకే అగ్గువ’ అని నవ్వావు. నాకు తెలిసిన సంగతి ఇంకొకరికి ముందే తెలిసి ఉండడం నాకు అలవాటు లేదు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు వెళ్ళిన మర్నాడే, నువ్వు అడిగి వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. క్రిస్మస్ ముందు ఉద్యోగులందరికీ తలో పెట్టె ఇవ్వాలట. బాగుంటే ఏడాది పొడుగునా వాళ్ళ క్యాంటీన్‌లో నీకొక కౌంటరు ఇస్తారట. సంతోషించబోయి కింద సంతకం చూశాను. దేముడుబాబు. ఇంటిపేరు చూసి వాకబు చేశాను. వాడు వెంకటరత్నం కొడుకు.

వెంకటరత్నం ఎవరో నీకు చెప్పలేదు. మేమిద్దరం ఒకే జిల్లా నుంచి వచ్చి ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల మీద పనిచేశాం. ఆఫీసు క్లబ్బులో ఒక చిన్న లైబ్రరీ ఉండేది. జీతం లేని లైబ్రేరియన్ని నేను. ప్రతి పుస్తకానికీ అట్ట వేసి ముద్ర కొట్టింది ఈ చేతులే. నేను సెలవు పెట్టి ఊరికి వెళ్ళినప్పుడు, క్లబ్బు కార్యదర్శి హోదాలో ఈ మహానుభావుడు ఆ గది ఖాళీ చేయించి క్యారమ్ బోర్డులు పెట్టించాడు. పుస్తకాలన్నీ పాతకాగితాలవాడికి తూకానికి వేశాడు. తిరిగి వస్తూ స్టేషను బయట పల్లీలు కొనుక్కున్నాను. పొట్లం విప్పితే నేను కొట్టిన ముద్ర నా మొహంలోకి చూసింది.

ఆ రోజు నుంచి వాడితో మాట లేదు. పెన్షనర్ల సమావేశంలో కనిపిస్తాడు. భోజనం ముందు చొక్కా ఎత్తి, పొట్టలో ఇన్సులిన్ సూది పొడుచుకుంటూ, సూదివైపైనా చూడకుండా నా మీద జోకులు వేస్తాడు. అలాంటివాడి కొడుకు ఆఫీసుకు నా ఇంటి నుంచి మిఠాయి వెళ్ళడమా?

ఆర్డరు మాకు వద్దని ఉత్తరం రాసి ఉంచాను. నీ జవాబు కోసం ఆగాను, అంతే.

పద్మనాభం


జనగామ
15 నవంబరు

మామయ్యకు ఊర్మిళ నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఆర్డర్ వద్దని రాసిన గా ఉత్తరం చింపేయుండ్రి. మీకు దండం పెడ్త.

అమ్మకు ఆపరేషన్ అయింది. మంచం దిగనిస్తలేరు. అన్న తిరుమల్ పొద్దున దుకాణం తెరిస్తే రాత్రికే వస్తడు. నేను ఇప్పట్ల కదలలేను. అమ్మ పక్కన కూర్చుంటే జాడీ గుర్తొస్తది, జాడీ గుర్తొస్తే ఇంత దూరంల ఎందుకున్ననని అనిపిస్తది.

మీకు ఒక్క ముచ్చట చెప్పలేదు. ఈడ కాలేజీల కంప్యూటర్ సారు వెళ్ళిపోయిండు. అన్న పోయి నా గురించి మాట్లాడి వచ్చిండు. జనవరిల షురూ చెయ్యాలె. ‘చాక్లెట్లు చుట్టుకుంట ఎన్నొద్దులుంటవ్ చెల్లె? ఈడనే ఉండు. అమ్మను చూసుకున్నట్టుంటది, జీతమొస్తది. బావ వారానికోసారి వస్తడు’ అంటుండు. తప్పేమనలేదు. కానీ నాకు వారానికోసారి సంసారం వద్దు మామయ్య. వద్దని చెప్పనీకె నా చేతిల గీ ఆర్డర్ తప్ప ఏం లేదు. అది మంచిగ పోతే అమ్మను తీసుకొని మన ఇంటికే వస్త. చెడిపోతే కాలేజీల చేరుత.

చెయ్యనీకె మీరే దిక్కు. రమణకు పగటిపూట చెంచా ఇస్తే చెంచా పట్టుకొనే నిద్రపోతడు.

వాక్కాయలను రెండు మూడు పూటలు నీళ్ళు మార్చుకుంట ఉప్పు పోగొట్టుండ్రి. పల్చటి పాకంల ఉడికించి, రోజూ పాకం ఇంత చిక్కగ చేసుకుంట అందులనే ఉంచాలె. ఎర్రగ నిగనిగలాడినంక జల్లెడల ఆరబెట్టుండ్రి. తడి ఉంటే చాక్లెట్ పట్టదు. ఇంకోదిక్కు చక్కెర పాకం పట్టి, చల్లార్చి, తెల్లటి వెన్నముద్ద లెక్క అయ్యేదాక గిలకొట్టాలె. ఆ ముద్దను ఒక్కొక్క కాయకు పల్చగ చుట్టి చాక్లెట్‌ల ముంచుడే. చాక్లెట్‌ను పొయ్యి మీద పెట్టకుండ్రి, వేడినీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించుండ్రి. ఒక్క నీటిచుక్క పడ్డా గడ్డ కడ్తది. అడుగున సూదిమొనంత సందున్నా లోపలిదంత కారిపోతది.

అటెన్క రెండు వారాలు ముట్టొద్దు. చల్లటి జాగల పెట్టాలె, ఫ్రిజ్‌ల మాత్రం వద్దు. ఆ రెండు వారాలల్ల లోపలి తెల్లముద్ద తనంతట తానే పాకమైతది. కొరికితే నోట్లెకు జారాలె. అదే గీ మిఠాయి ఇజ్జత్. జారకపోతే పిల్లలు తినే చక్కెర బిళ్ళ అయితది.

అమ్మ మంచం మీదికెల్లి నవ్వుతుంది. ‘పుస్తకం చూడకుంట మీ మామ నీళ్ళు సుత తాగడు, గాయన చాక్లెట్ చేస్తడా?’ అని.

చేస్తరు గదా మామయ్య?

ఊర్మిళ


సీతాఫల్‌మండి
1 డిసెంబరు

చి.సౌ. ఊర్మిళకు,

ఉత్తరం చింపేశాను. వెంకటరత్నం కొడుకు కోసం కాదు. కాలేజీ సంగతి నువ్వు నాకు చెప్పకుండా దాచినందుకు కోపం వచ్చి, చింపడానికి చేతికి ఆ కాగితమే దొరికింది.

బుచ్చమ్మగారికి చెప్పు, చేశానని. పుస్తకం చూడకుండానే. నిజానికి చూశాను, కానీ మిఠాయిల గురించి రాసినవాళ్ళెవరికీ తెలుగు వంటిల్లు తెలీదు, తెలుగులో వంటల పుస్తకాలు రాసినవాళ్ళెవరికీ చాక్లెట్ తెలీదు. కాబట్టి రెండింటినీ మూసేసి నీ ఉత్తరాన్ని గోడకు అంటించాను.

మొదటిసారి కరిగించిన చాక్లెట్‌లో నా కళ్ళజోడు మీది ఆవిరి చుక్క పడి మొత్తం తడి ఇసుకలా అయిపోయింది. రెండోసారి కళ్ళజోడు తీసేశాను. ఏది కాయో ఏది వేలో తెలియలేదు. మూడోసారి మెట్టుగూడ వెళ్ళి మేబెల్ గారి దగ్గర రెండు పళ్ళ ఫోర్కు అడిగి తెచ్చుకున్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి ‘యూ? చాక్లెట్?’ అంది. పదవీ విరమణ రోజున కూడా నన్ను ఎవరూ అంత అనుమానంగా చూడలేదు.

చేతులు వణుకుతున్నాయి, అది మాత్రం నిజం. పోయిన ఏడాది నుంచీ ఉన్నదే, కొత్తగా కంగారు పడకు. కొన్ని కాయలు బొద్దుగా, కొన్ని వంకరగా వచ్చాయి. కానీ అడుగున సందు లేదు. ఒక్కొక్కదాన్నీ దీపం దగ్గర తిప్పి చూశాను.

చల్లటి చోటు అన్నావు. ఈ ఇంట్లో ఎండ చొరబడని చోటు ఒక్కటే, నా పుస్తకాల అలమర. పుస్తకాలన్నీ మధ్యగదిలో మంచం మీదికి మార్చాను. అరల నిండా ఇప్పుడు నీ చాక్లెట్ ట్రేలు. నలభై ఏళ్ళుగా కూడబెట్టిన సాహిత్యం బోర్లా పడుకుంది, వాక్కాయలు నిటారుగా కూర్చున్నాయి. ఈ నగరంలో అన్నిటికీ ఇదే గతి పడుతోంది కనుక నేను పెద్దగా బాధపడలేదు.

ఒక్క విషయంలో మాత్రం నీకన్నా బాగా చేశాను. ఉప్పునీళ్ళలో ఊరిన వాక్కాయలు మెత్తబడిపోయాయి. అవి అలాగే ముద్దముద్దగా వెళితే, కొడుకు తెచ్చిచ్చింది వెంకటరత్నం నోట్లో వేసుకుని ఏమంటాడో నాకు తెలుసు. మా అమ్మ చేతి పద్ధతి ఒకటి ఉంది. దానితో కాయలు మళ్ళీ కరకరలాడుతున్నాయి, పులుపు కూడా విరిగి మంచి తీపి పట్టింది. అదేమిటో ఇప్పుడు చెప్పను. పెట్టె విప్పి నువ్వే అడుగుదువు గాని.

వాడు ఒకటి కొరికి, కాసేపు ఏమీ అనలేక కూర్చుంటే నాకు చాలు.

పద్మనాభం


జనగామ
5 డిసెంబరు

మామయ్యకు,

మీరు చేసిన్రంటే సంతోషమే. అమ్మకు చదివి వినిపించిన, కళ్ళజోడు ముచ్చట కాడ నవ్వి నవ్వి తుంటి పట్టుకున్నది.

కానీ రెండు దినాలకెల్లి నిద్ర పడ్తలేదు. మీరు రాసిన ఒక్క మాట తిరిగి తిరిగి చదువుతున్న. పులుపు విరిగిందన్నరు. వాక్కాయ పులుపు ఎట్ల విరిగింది? ఏం కలిపిన్రు?

పులుపు ఉండాలె మామయ్య. నేను చెప్పలేదు, నాదే తప్పేమో. మీరు ఏమన్న కలుపుతరని నాకు తోచలేదు.

ఈడ అన్న రోజూ కాలేజీ ముచ్చట తీస్తుండు. నిన్న ఆడి ప్రిన్సిపల్ సారే ఇంటికొచ్చి చాయ్ తాగి పోయిండు. మంచి మనిషే. ‘ఎప్పుడొస్తరు మేడమ్?’ అన్నడు. నేను అమ్మకు మందులేసే టైమైందని లోపటికి పోయిన. ఎన్నిసార్లు పోత?

రమణ ఫోన్‌ల ‘నాన్న మస్తు హుషారుగున్నడు, ఈల వేస్తుండు’ అన్నడు. మీరు ఈల వేసుడు నేను ఎన్నడు వినలేదు. అది సుత పరేషాన్ చేస్తుంది.

ఒకటి కోసి చూడుండ్రి. ఇప్పటికి అంచులన్న కరుగుడు షురూ కావాలె. ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి.

ఊర్మిళ


సీతాఫల్‌మండి
8 డిసెంబరు

ఊర్మిళా,

కోశాను.

పొడిగా ఉంది. తెల్లముద్ద చుట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. కత్తికి సుద్దలా అంటుకుంది. ఇంకోటి కోశాను. కింది అరలోంచి ఒకటి, పై అరలోంచి ఒకటి తీశాను. అన్నీ అంతే.

నేను కలిపింది సున్నపుతేట. నా తాంబూలం డబ్బాలోని సున్నాన్ని నీళ్ళలో కలిపి, తేరిన తర్వాత పైనీళ్ళు వంచి, అందులో వాక్కాయల్ని ఒక పూట ఉంచాను. మా వైపు బూడిదగుమ్మడి ముక్కలు పాకంలో విడిపోకుండా ఇలాగే చేస్తారు. కాయ గట్టిపడుతుంది. మా అమ్మకు అది తెలుసు. పులుపును చంపుతుందని కూడా తెలిసే ఉంటుంది, గుమ్మడికి పులుపుతో పని లేదు కనుక ఆవిడ చెప్పి ఉండదు. నీ ఉత్తరం వచ్చాక పాత పుస్తకాలు తిరగేశాను. పులుపు తగిలితేనే పంచదార విరిగి పాకమవుతుందట. ఆ మాట కింద నేనే ఎప్పుడో పెన్సిలుతో గీత గీసి ఉంచాను. గీత గీసినవాడే సున్నం కలిపాడు.

మళ్ళీ చేయడానికి జాడీలో కాయలు లేవు. ఇది వాక్కాయల కాలం కాదు. మోండా మార్కెట్‌లో బేకరీ చెర్రీలు దొరుకుతాయి కానీ వాటిలో పులుపు ఎప్పుడో చచ్చిపోయింది. కొత్తగా చేసినా రెండు వారాలు లేవు.

రమణబాబుకు చెప్పాను. వాడు అలమర తలుపు తీసి ట్రేలు చూసి, వెళ్ళి పడుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

దేముడుబాబుకు నేనే వెళ్ళి చెబుతాను. తప్పు నీది కాదని చెబుతాను. వెంకటరత్నం వింటే విననీ. నీ కాలేజీ వాళ్ళకు ఏం చెబుతావో నిన్ను అడిగే మొహం నాకు లేదు.

పద్మనాభం


జనగామ
10 డిసెంబరు, రమణ చేతికిచ్చి

మామయ్యకు,

దేముడుబాబు కాడికి పోకుండ్రి.

నిన్న రమణ తెచ్చిన ఉత్తరం చదివి మస్తు కోపమొచ్చింది. రాస్తే పెద్దరికం మరిచి రాస్తనని రాయలేదు. అమ్మ మీద కసురుకున్న. పాపం, ఆమెకేం తెలుసు. ఇయ్యాల కోపం దిగింది, భయమొక్కటే మిగిలింది. భయంతోటి ఆలోచన జెర నడుస్తుంది.

డిగ్రీల చదివిన కెమిస్ట్రీ ఇన్నేండ్లకు గుర్తు చేసుకున్న. పోయింది పులుపే గదా. దాన్నే మళ్ళ లోపటికి పంపాలె. నిమ్మకాయ రసం పల్చటి గుడ్డల రెండుసార్లు వడగట్టుండ్రి. సన్నటి సూదిని వేడినీళ్ళల ముంచి, తుడిచి, చాక్లెట్ అడుగునుంచి మెల్లగ దింపితే పగలదు. ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే పుల్లగైతది, పైన చీలుతది. సూది తీసిన చోట కరిగిన చాక్లెట్ అద్దుండ్రి. ఇప్పుడేస్తే క్రిస్మస్ లోపట కరుగొచ్చు. కరుగుతదని మాట ఇయ్యలేను. కరగొచ్చు, అంతే.

సూది ఇన్సులిన్ వేసుకునేదే కావాలె, అంతకన్న సన్నది దొరకదు. కొత్తవి మందుల దుకాణంల దొరుకుతయి. కానీ మీ చేతులు వణుకుతయన్నరు. రమణ నిద్రకండ్లతోటి చేస్తే ట్రే మొత్తం పోతది.

మీకు కోపమొస్తదని తెలిసే రాస్తున్న. మీ మొదటి ఉత్తరం మళ్ళ చదివిన. చూడకుంట సూది పొడుచుకునే మనిషి ఒకాయన ఉన్నడని మీరే రాసిన్రు. అంతకన్న కుదురైన చెయ్యి నాకు ఎరుక లేదు.

అడుగుతరో అడగరో మీ ఇష్టం. ఇరవై రెండో తారీఖుకు వచ్చి చెప్తనని ప్రిన్సిపల్ సారుకు కబురు పంపిన.

ఊర్మిళ


సీతాఫల్‌మండి
21 డిసెంబరు

చి.సౌ. ఊర్మిళకు,

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టుకుంటూ ఉంటావు. రాస్తే ఏం జరుగుతుందో ముందే చెప్పినట్టవుతుందని భయపడ్డాను. ఇప్పుడు జరిగిపోయింది కనుక రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన రోజు ముందు నేనే ప్రయత్నించాను. కొత్త సూది, వేడినీళ్ళు, అన్నీ నువ్వు చెప్పినట్టే. చెయ్యి వణికి మొదటిది రెండు చెక్కలైంది. అయిదారు పాడయ్యాక సూది కింద పెట్టి, చొక్కా మార్చుకుని, వెంకటరత్నం ఉండే బొల్లారానికి బస్సు ఎక్కాను. దారి పొడుగునా ఏమనాలో కూర్చుకున్నాను. మంచి వాక్యాలు వచ్చాయి. తలుపు తీయగానే ఒక్కటీ రాలేదు.

‘ఏట్రా పద్మనాభం, దారి తప్పొచ్చీసావా?’ అన్నాడు వెంకటరత్నం.

‘సూది పొడవాలి’ అన్నాను.

‘ఎవర్ని?’

చెప్పాను. సున్నం సంగతితో సహా. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ‘గుమ్మడికాయికి సున్నమెట్టినట్టు ఎట్టీసావేటి? నువ్వు సదువుకున్నోడివి కదరా!’ అన్నాడు. వెనక్కి తిరిగి మెట్లు దిగాను. వాడు లోపలికి వెళ్ళి చెప్పులు వేసుకుని, నా వెనకే బస్సు ఎక్కి, నా పక్కన కూర్చున్నాడు. ‘కోడలి పని సెడిపోతే మీవోడు నిన్నొగ్గడు’ అన్నాడు.

మన వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఒక్కొక్కదానికీ ఒక్కొక్క చుక్క వేశాడు. నేను సూది కడిగి, తుడిచి, అందించాను. అడుగున చాక్లెట్ అద్దాను. ఆ చెయ్యి ఒక్కసారి కూడా కదల్లేదు. నాకు చాలా అసూయ కలిగింది. మధ్యలో ఆపి వాడే అన్నాడు: ‘నీ పుస్తకాలకి సెదలు పట్టీసినాయిరా. ఆఫీసరు తగలెట్టీమన్నాడు. పాతకాయితాలోడికిస్తే పల్లీల పొట్లమైనా అవుతాయి, తినేవోడు ఒక ముక్కైనా సదువుతాడని ఇచ్చీసాను.’

‘ఆ క్యారమ్ బోర్డుల సంగతి?’ అన్నాను.

‘గది కాళీ అయిపోయింది కదా మరి’ అన్నాడు.

నేను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. చెదలు పడితే నాకు కనపడకుండా ఉంటాయా? కానీ సూది వాడి చేతిలో ఉంది, ట్రేలు ఇంకా సగం ఉన్నాయి. ఇన్నేళ్ళ జవాబులన్నీ నోట్లోనే ఉంచుకుని ఇంకో సూది కడిగి ఇచ్చాను. అంతకన్నా కష్టమైన పని నేను ఉద్యోగంలో చేయలేదు.

అంతా అయ్యాక వాడు వాసన చూసి, నాలుకతో పెదవి తడుపుకుని, ట్రే వెనక్కి నెట్టాడు. షుగరు. ఒక్కటి కూడా తినలేడు. వాడు కొరికి మాట పడిపోయి కూర్చుంటాడని నేను నెల రోజులు కలలు కన్నాను. ఆ ఒక్క సంగతీ నాకు తట్టనే లేదు.

ఆ తర్వాత మళ్ళీ ఎదురుచూపు. అలమర తలుపు తీసి ట్రేల వైపు చూసి మూసేవాణ్ణి. పాడైనవి పోగా పెట్టెలకు సరిగ్గా సరిపోయేలా ఉన్నాయి, కోసి చూద్దామంటే లెక్క తప్పుతుంది. ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి కూడా చూశాను. నా చెవికి రైలు కూతే సరిగా వినపడదు.

ఇవాళ పొద్దున రమణబాబు ఆటోలో పెట్టెలన్నీ తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. లోపల కరిగిందో లేదో తెలియకుండానే ఇచ్చాం. సర్దగా ఒక్కటి మిగిలింది. రమణ కొరకబోతే చేతి మీద కొట్టాను. అది వాడి చేతికిచ్చి పంపుతున్నాను. ఆ ప్రిన్సిపల్ గారితో మాట్లాడే ముందు కొరుకు. ఏం తేలినా ముందు నీకే తెలియాలి.

పద్మనాభం


జనగామ
22 డిసెంబరు

మామయ్యకు,

రమణ పొద్దుగాల్నే వచ్చిండు. ఆ ఒక్క చాక్లెట్ స్టీలు డబ్బల, దూదిల పెట్టి, బండిల ఒళ్ళోనే పట్టుకొచ్చిండంట. కిటికీ సీటు దొరికితే ఎండ తగుల్తదని కూసోలేదంట.

నాకు కొరక ధైర్యం కాలేదు. చెయ్యి కడుక్కున్న, మళ్ళ కడుక్కున్న. అమ్మే కసిరింది: ‘ఏందే, పాము పిల్లనా అది? నోట్లేసుకో!’ మంచం పట్టె మీద కూసొని సగం కొరికిన.

మామయ్య, కారింది.

నోట్లెకు ఒక దిక్కు, గడ్డం మీదికి ఒక దిక్కు, ఆడికెల్లి అమ్మ తుంటి పట్టీ మీద టపటప పడ్డది. ‘నీ అవ్వ, చీమలు పడ్తయే! తుడువు, తుడువు!’ అని అమ్మ మొత్తుకుంటుంది. రమణ తుడుస్తలేడు, నిలబడి నవ్వుతుండు. నేనేమో నోరు తెరిస్తే మిగిలింది కారుతదని అట్లనే కూసున్న. నడుమ కాయ కరకరలాడింది. అది మీ అమ్మగారి సున్నం పుణ్యం. దానికి మాత్రం నాకెరికైన పద్ధతి లేదు, మీరే నేర్పాలె.

నిమ్మపులుపు ఒక్క పిసరు ఎక్కువున్నది. వచ్చేసారి తక్కువ వేద్దాం.

అన్న దుకాణం కాడికి పోయి చెప్పి వచ్చిన. మొకం చిన్నగ చేసుకున్నడు. ‘ఆఫీసోళ్ళు ఏమన్నరో తెల్వకముందే కాలేజీ వద్దంటవా?’ అన్నడు. తెల్వదు, వాళ్ళ నోళ్ళల్ల ఏమైందో నిజంగనే తెల్వదు. కానీ నా నోట్ల ఏమైందో తెలిసింది. ప్రిన్సిపల్ సారుకు సుత చెప్పిన. కొత్త సంవత్సరం ఒకటో తారీఖు పొద్దటి బండికి అమ్మను తీసుకొని వస్తున్నం. అమ్మ నడుస్తలేదు, మీదికి మెట్లు ఎక్కలేదు. మధ్యగదిల మంచమే ఆమెకు పనికొస్తది.

మీ పుస్తకాలు ఆ మంచం మీదనే ఉన్నయన్నరు. జెర తీస్తరా?

ఊర్మిళ


సీతాఫల్‌మండి
28 డిసెంబరు

చి.సౌ. ఊర్మిళకు,

దేముడుబాబు నిన్న మన ఇంటికి ఫోను చేశాడు. నేనే ఎత్తాను. నాకు వినపడిన సగం ఇది: ఆఫీసులో కంప్యూటర్ల ముందు కూర్చుని కొరికినవాళ్ళందరి తెల్లచొక్కాల మీదా మరకలట. రెండు కీబోర్డులకు చీమలు పట్టాయట. జనవరి నుంచి కౌంటరు పెట్టమంటున్నాడు, కానీ ప్రతి పెట్టెలో ఒక కాగితం రుమాలు పెట్టాలట. ఈ సగం నాకు నచ్చింది.

మంచం ఖాళీ చేశాను. పుస్తకాలు మళ్ళీ అలమరలో పెడదామంటే, తర్వాతి ట్రేలకు అది నీకు కావాలి. ఇంట్లో ఇంకో చోటు లేదు. కొడుకు మాదాపూర్ ఫ్లాటుకు మారాక వెంకటరత్నం ఇంట్లో ఒక గది ఉత్తినే పడి ఉందట. ఆ మాట వాడే అన్నాడు. నేను రెండు రోజులు వినపడనట్టు ఊరుకున్నాను. మూడో రోజు ఆటోలు పిలిచాను.

పుస్తకం పుస్తకానికీ వాడి చేత సంతకం పెట్టించుకున్నాను. ‘ఏట్రా, ఇన్ని సంతకాలేటి? నాను సచ్చిపోయాక నా కొడుకుని కోర్టుకీడుస్తావేటి?’ అన్నాడు. అవసరమైతే ఈడుస్తానన్నాను. చెదలు పట్టాయో లేదో ఆదివారం ఆదివారం వచ్చి చూసుకుంటానని కూడా చెప్పాను. ‘సూదీసుకున్నాక రా, టిపిను తిందాం’ అన్నాడు.

బుచ్చమ్మగారికి కిటికీ వైపు తల వచ్చేలా మంచం తిప్పాను. నిమ్మకాయలు కొనిపెట్టాను. ఈ ఇంట్లో సున్నం మాత్రం లేదు, వెతక్కు. ఆ డబ్బా బొల్లారంలో వాడి గదిలోనే, పుస్తకాల పక్కన పెట్టి వచ్చాను. తాంబూలానికి అక్కడికే వెళ్తాను.

బండి ఎన్నింటికో రాయి. స్టేషనుకు వస్తాను.

పద్మనాభం